గాజు తలుపుకి ఇవతల బీయున్

ఆఫీసు మధ్యలో గాజు తలుపు బిగించిన రోజు లియావ్ బీయున్ చేసిన మొదటి పని, తన టీ కప్పుని దానికి దూరంగా జరపడం. ఎందుకు జరిపిందో ఆమెకే తెలియదు. తలుపుకి అవతల కొత్త గది, ఇవతల పాత గది. అవతలికి వెళ్ళేవాళ్ళకి నీలం కార్డు ఇచ్చారు, ఇవతల మిగిలేవాళ్ళకి ఎర్ర కార్డు. బీయున్ మెళ్ళో ఎర్రది పడింది. యాభై దాటిన మనిషి కార్డు రంగు చూసుకుని ఏడిస్తే బాగుండదు కాబట్టి ఏడవలేదు గానీ, మధ్యాహ్నం అన్నం డబ్బా మూత తీసి, కాసేపు చూసి, మళ్ళీ పెట్టేసింది.

ఆమె ఏం పని చేస్తుందో చెప్పడం కొంచెం కష్టం. కన్నతండ్రికే ఆమె సరిగా చెప్పలేకపోయింది. లింకో గుట్ట మీదున్న ఆ కంపెనీ పెద్ద పెద్ద సంస్థలకి సర్వర్ బోర్డులు తయారు చేస్తుంది. బోర్డుకి కరెంటు ఇవ్వగానే అన్నిటికంటే ముందు నిద్రలేచే కోడ్ ఒకటి ఉంటుంది. అది లేచి, ప్రాసెసర్‌ని తట్టి లేపి, మెమరీ కడ్డీలని ఒక్కొక్కదాన్నీ మచ్చిక చేసుకుని, అన్నీ సర్దిపెట్టి, అసలు పెద్దమనుషులు వచ్చేసరికి పక్కకి తప్పుకుంటుంది. చుట్టాలొచ్చేలోపు వంటంతా ముగించి వెనక గదిలోకి వెళ్ళిపోయే ఇంటి మనిషి లాంటిదన్నమాట. బీయున్ సగం జీవితం ఆ కోడే రాసింది.

రాసిందాన్ని బయటివాళ్ళెవరూ చదవలేదు. చదవకూడదు. దాని మూలం ఇంకో కంపెనీది, అద్దెకి తెచ్చుకున్నది. చూసినవాళ్ళు బయట నోరు విప్పబోమని సంతకం పెట్టాలి. పెళ్ళి కాగితం మీద కంటే ముందే బీయున్ ఆ కాగితం మీద సంతకం పెట్టింది. రెంటినీ ఒకేలా కాపాడుకుంటూ వచ్చింది.

ఇంతలో పెద్ద కస్టమర్ అడ్డం తిరిగాడు. మా సర్వర్లో మొట్టమొదట నడిచే కోడ్‌ని మేమే చదవలేకపోతే ఎట్లా, తాళం వేసిన సరుకు మాకొద్దు, నలుగురూ బహిరంగంగా రాసుకుంటున్న కోడ్ ఉంది, ఇకమీదట దాంతోనే బోర్డులు లేపండి అన్నాడు. కంపెనీ సరేనంది. అనక చస్తుందా. అప్పుడు వచ్చింది లాయరు ఫాంగ్. సన్నటి మనిషి, సన్నటి గొంతు, ఎదురు చెప్పబుద్ధి కాదు. తాళం కోడ్ చూసినవాళ్ళెవరూ కొత్త కోడ్ రాయకూడదని ఆమె తేల్చింది. కావాలని దొంగిలించకపోయినా తెలిసిన చెయ్యి తెలిసినట్టే రాసేస్తుంది, రేపు అవతలి కంపెనీ కోర్టుకి పోతుంది. అందుకని కొత్త గదిలోకి నెట్‌వర్క్ స్విచ్చుల విభాగం నుంచి, బయటి నుంచి మనుషుల్ని తెచ్చారు. ఆ పని బాగా వచ్చినవాళ్ళందర్నీ ఆ పని దగ్గరికి రాకుండా ఆపిన రోజు అది.

"ఏడాది చివరిదాకా పాత బోర్డులుంటాయి" అన్నాడు మేనేజరు యెన్.

"తర్వాత?" అంది బీయున్.

"చూద్దాం."

ఆ కంపెనీలో చూద్దాం అంటే ఏమిటో కాపలా కుర్రాణ్ణడిగినా చెప్తాడు.

చలికాలం ముదిరింది. గుట్ట మీద పొగమంచు కిటికీలకి అంటుకుని మధ్యాహ్నం దాకా కదలడం లేదు. కొత్త గదిలో కొత్త జబ్బు మొదలైంది. పొద్దున్నే మొదటిసారి మీట నొక్కితే బోర్డు మెమరీ దగ్గర బిగుసుకుపోయి కూర్చుంటోంది. ఆపి మళ్ళీ నొక్కితే ఏమీ ఎరగనట్టు లేస్తోంది. ఇక ఆ రోజంతా వంక పెట్టడానికి లేదు.

అక్కడున్నవాళ్ళంతా పెద్ద పెద్ద చదువులు చదివినవాళ్ళే. అయినా కోడ్ కంటే ముందు వాళ్ళు చూసింది బోర్డు మీది చిరుతిండి పొట్లాన్ని. కొబ్బరి రుచిది, ఆకుపచ్చది, పేరుకి బుద్ధిగా ఉండు అని అర్థం. దాన్ని పెడితే యంత్రం బుద్ధిగా ఉంటుందని అక్కడివాళ్ళ నమ్మకం. పచ్చదే పెట్టాలి, పసుపుదో ఎర్రదో పెడితే పని గోవిందా. అన్నిటికంటే ముఖ్యం, గడువు దాటకూడదు. చూస్తే ఇది గడువు దాటింది! "అదిగో, అందుకే" అని గది మొత్తం ఊపిరి పీల్చుకుంది. కొత్త పొట్లం పెట్టారు. ఎండ కాసిన పొద్దుట బోర్డు లేచింది. అందరూ ఒకరి భుజం ఒకరు తట్టుకున్నారు. మంచు మళ్ళీ కమ్మిన పొద్దుట మళ్ళీ చచ్చింది.

గాజుకి ఇవతల నుంచి బీయున్ అంతా చూస్తూనే ఉంది. దాచడమెందుకు, లోపల ఒక మూల ఆమెకి సంతోషంగానే ఉంది. నేను లేకుండా ఏం చేస్తారో చేయండి అనిపించింది. అలా అనిపించినందుకు సిగ్గేసింది. సిగ్గేసినా సంతోషం పోలేదు.

కొత్త గదికి పెద్ద చుంగ్‌హాన్. ముప్ఫై ఐదు దాటని మనిషి, స్విచ్చుల విభాగం నుంచి వచ్చాడు. మాట దురుసు గానీ మనసు మంచిది. భోజనాల వేళ మెట్ల దగ్గర బీయున్ పక్కనే చతికిలబడ్డాడు.

"యున్ అక్కా, ఒక్క మాట."

"ఎర్ర కార్డు పక్కన కూచున్నావ్. నీ కార్డు రంగు వెలిసిపోతుంది చూసుకో."

"పొద్దునపూట మెమరీ దగ్గర చచ్చి ఊరుకుంటోంది. పాత బోర్డుల్లో కూడా ఇట్లా అయ్యేదా?"

బీయున్ ముల్లంగి ముక్క నోట్లో పెట్టుకుంది.

"సరే, నువ్వేం చెప్పొద్దు. నేనే ఒక్కోటీ అంటా. తప్పయితే తింటూ ఉండు. రైటయితే దగ్గు. దగ్గడానికి లాయరు పర్మిషన్ అక్కర్లేదుగా?"

ఆమెకి నవ్వొచ్చింది. నవ్వుతోపాటు నిజంగానే గొంతులో దగ్గు కూడా వచ్చింది. ఎందుకంటే జవాబు ఆమెకి తెలుసు. తాళం కోడ్‌లో ఆమెకి పని నేర్పిన గురువు కాంగ్ రాసిన ఒక వరస ఉంది. కరెంటు వచ్చాక మెమరీని కదిలించేముందు కాసేపు ఊరికే ఆగమని చెప్పే వరస. ఎందుకు ఆగాలో అక్కడ రాసి లేదు. దాన్ని మాత్రం ముట్టుకోవద్దని కాంగ్ ఆమెకి నూడుల్స్ బండి దగ్గర, చారు ఊదుకుంటూ చెప్పాడు. ఆ తర్వాత ఆమె తన కిందివాళ్ళకీ అలాగే చెప్పింది. కాంగ్ రిటైరై ఈలాన్‌లో ఉల్లికాడలు పండించుకుంటున్నాడు. ఆయన వరస మాత్రం బోర్డు నుంచి బోర్డుకి అలాగే దాటుకుంటూ వచ్చింది. ఇక్కడ పెద్ద విషయాలన్నీ చెవిలోంచి చెవిలోకి వెళ్ళినవే. ఇప్పుడు ఒక్క దగ్గు దగ్గితే ఇదీ వెళ్తుంది. ఎవరికి తెలుస్తుంది?

"కరెంటు నిలకడగా..." అని మొదలెట్టాడు చుంగ్‌హాన్.

బీయున్ డబ్బా మూత పెట్టేసింది. "ఆపు. నన్నడగొద్దు."

"ఒక్క దగ్గు అక్కా! నీ సొమ్మేం పోయింది?"

"ఆ దగ్గు నీ కోడ్‌లోకి పోతుంది. అది రేపు ఊరంతా చదువుతుంది. ఇదెక్కణ్ణించి వచ్చిందని ఒకడడుగుతాడు. ఏం చెప్తావ్? మెట్ల మీద ఓ ఆవిడ దగ్గిందంటావా?"

అతని మొహం ముడుచుకుపోయింది. లేచి నిలబడ్డాడు. "నిజం చెప్పేయరాదూ. మా గది మునిగితే మీ గది తేలుతుంది. అంతేగా?"

ఆ మాట అనేసి వెళ్ళిపోయాడు. ఉత్త అపవాదే అయితే బీయున్ దులిపేసుకునేది. అందులో కాస్త నిజం ఉండబట్టే సూదిలా గుచ్చుకుంది.

సాయంత్రానికి మాట ఆఫీసంతా పాకింది. పాత గదివాళ్ళు కాళ్ళు చాపుకుని చోద్యం చూస్తున్నారట, తెలిసీ చెప్పడం లేదట. టీ యంత్రం దగ్గర ఇద్దరు నీలం కార్డులవాళ్ళు ఆమెని చూసి వాన గురించి మాట్లాడటం మొదలెట్టారు.

మర్నాడు పొద్దున బీయున్ వంటింట్లో బియ్యం డబ్బా మూత తీసింది. లుకాంగ్‌లో రేకుపని చేసిన తండ్రి చేతి డబ్బా అది. ఆయన పోయి చాలాకాలమైంది, డబ్బాకి మాత్రం సొట్ట పడలేదు. మూతకి లోపలివైపు ఆయన పేరు అచ్చు గుద్ది ఉంటుంది. బయట ఎందుకు గుద్దవని చిన్నప్పుడు అడిగితే, చూసేవాడికి నా పేరెందుకమ్మా, వాడేవాడికి కదా కావాలి అన్నాడు. ఒకసారి కంపెనీవాళ్ళు ఇంటిల్లిపాదినీ తీసుకురమ్మంటే బీయున్ ఆయన్ని తీసుకొచ్చి సర్వర్ చూపించింది.

"ఇందులో నీ పేరెక్కడుంది?" అన్నాడాయన.

"ఇందులో పేర్లు పెట్టరు నాన్నా."

"మరి పాడైతే ఎవర్నడుగుతారు?"

అప్పుడు ఏదో చెప్పి నవ్వేసింది. ఇప్పుడు బియ్యం కొలిచే గిన్నె చేతిలో పట్టుకుని అలాగే నిలబడింది. ఇన్నాళ్ళూ బోర్డు పాడైతే అందరూ ఎవర్నడిగారు? ఆమెని. ఆమె ఎవర్నడిగింది? కాంగ్ చెప్పిన మాటని. ఆ మాట నిజమో కాదో ఎవరూ అడిగి చూడలేదు.

ఆ రోజు తిన్నగా యెన్ గదికి వెళ్ళింది. లాయరు ఫాంగ్ కూడా అక్కడే ఉంది.

"నాకో కొత్త బోర్డు ఇప్పించండి. కోడ్ వద్దు, కోడ్ కనపడే తెర కూడా వద్దు. కొలిచే పరికరాలు, చలిపెట్టె, ఎవరైనా బయట తెచ్చుకోగలిగే చిప్పుల పుస్తకాలు, అంతే. నేను చూసింది మామూలు మాటల్లో రాసిస్తాను. వాళ్ళు చదువుకుని వాళ్ళ కోడ్ వాళ్ళే రాసుకుంటారు."

యెన్ ఫాంగ్ వైపు తిరిగాడు. ఫాంగ్ కళ్ళజోడు తీసి ఆమె వంక చూసింది. "మీకు జవాబు ముందే తెలుసా?"

"తెలుసనే అనుకుంటున్నా."

"దాన్ని మర్చిపోగలరా?"

"మర్చిపోలేను. నమ్మకుండా ఉండగలను."

ఫాంగ్ కళ్ళజోడు తుడిచి పెట్టుకుంది. "చూసిందే రాయాలి. ఎలా చూశారో రాయాలి. ఎవరైనా మళ్ళీ కొలిస్తే అదే రావాలి. ముందు నేను చదువుతాను" అంది.

బయటికొచ్చాక యెన్ గొంతు తగ్గించాడు. ఈసారి చూద్దాం అనలేదు. "యున్, దాపరికం లేకుండా చెప్తున్నా. చాంద్రమానం కొత్త సంవత్సరం సెలవులవగానే కస్టమర్ మనుషులొస్తున్నారు. ఇది తేల్చావా, ల్యాబ్‌లో నీకంటూ ఒక బల్ల వేయిస్తా. తేల్చలేదా, ఈ ఏడాది చివర పాత గదితో పాటు నువ్వూ వెళ్ళాల్సిందే. నా చేతుల్లో లేదు."

ల్యాబ్ నేలమాళిగలో ఉంది. ఫ్యాన్ల హోరులో మనిషి మాట మనిషికి వినపడదు. బీయున్ స్వెట్టర్ మీద స్వెట్టర్ వేసుకుని, బోర్డుని చలిపెట్టెలో పెట్టి, మెమరీకి వెళ్ళే కరెంటు మీద సూది ఆనించి కూర్చుంది. కొలిచే పరికరం తెర మీద గీత లేచింది. చలికి మెల్లగా లేచి, కాస్త తూలి, తర్వాత నిలబడింది. ఆ తూలే సమయంలో మెమరీని కదిలిస్తే బోర్డు చస్తుంది. అంటే కాంగ్ చెప్పిందే, ఆగాలి. గురువు ఎంత గొప్పవాడు అనుకుంది. ఇంకో రోజైతే అక్కడితో లేచి టీ తాగడానికి వెళ్ళేది.

కానీ చూసిందే రాయాలి. కాసేపు ఆగాలి అని రాయబోయి, కాసేపంటే ఎంత అని తనని తానే అడుక్కుంది. పెట్టెలో చలి పెంచింది. గీత ఇంకా ఎక్కువసేపు తూలింది. మరింత పెంచింది. కాంగ్ ఆగమన్నంతసేపూ అయిపోయింది, గీత ఇంకా తూలుతూనే ఉంది. బీయున్‌ లెక్క మళ్ళీ చూసుకుంది. ఇంకో రకం మెమరీ కడ్డీలు పెట్టి చూసింది. అవి ఇంకోలా తూలాయి. ఇంకో రకం, ఇంకోలా. ఎంతసేపు ఆగమని రాసినా ఎక్కడో ఒకచోట తప్పే అవుతుంది.

అప్పుడు కడ్డీ పుస్తకం తెరిచింది. పాత కడ్డీలకి కరెంటు బోర్డే పంపేది. ఈ కొత్త కడ్డీల మీద సొంతంగా ఒక చిన్న కరెంటు చిప్పు ఉంది. నేను సిద్ధం అని చెప్పడానికి దానికి ఒక కాలు, అంటే సన్నటి పిన్ను కూడా ఉంది. ఆ సంగతి పుస్తకంలో అందరికీ కనపడేలా రాసే ఉంది. బీయున్ సూదిని ఆ కాలి మీద ఆనించింది. ఎంత చలి పెట్టినా, ఏ కడ్డీ పెట్టినా, కరెంటు నిలకడ అయ్యాకే ఆ కాలు సిద్ధం అంది. ఒక్కసారి కూడా తొందరపడలేదు.

కాంగ్ కాలంలో అడుగుదామన్నా చెప్పేవాడు లేడు, అందుకని పాపం ఆయన ఆగాడు. ఇప్పుడు చెప్పేవాడు చెప్తూనే ఉన్నాడు, అడిగేవాళ్ళే లేరు. పొట్లం మీద గడువు తేదీ చూసే జనం, ఈ వరస గడువు మాత్రం ఎన్నడూ చూడలేదు. ఆ జనంలో మొదటి మనిషి తనే. బీయున్ చల్లబడిన వేళ్ళని చంకల్లో పెట్టుకుని చాలాసేపు కూర్చుంది. మెట్ల మీద ఆ రోజు గొంతుదాకా వచ్చిన దగ్గు గుర్తొచ్చి భయమేసింది.

రాసిచ్చింది. ఫాంగ్ చదివి, రెండు మాటలు కొట్టేసి, అవతలికి పంపింది. చుంగ్‌హాన్ కోడ్ తనే రాసుకున్నాడు. ఆగమని కాదు, ఆ కాలుని అడగమని. మంచు బాగా కమ్మిన పొద్దుట బోర్డు మొదటి మీటకే లేచింది. గాజు అవతల గోలగోలగా చప్పట్లు కొట్టారు. చుంగ్‌హాన్ ఇటు తిరిగి చెయ్యెత్తబోయి, మధ్యలో దించేశాడు.

భోజనాల వేళ మెట్ల దగ్గరికి వేడి సోయా పాలు రెండు గ్లాసులు పట్టుకొచ్చాడు. ఒకటి ఆమె పక్కన పెట్టి, తనది తాగకుండా కూర్చున్నాడు.

"ఆ రోజు నోరు జారానక్కా."

"జారావు. పోనీలే, అందులో సగం నిజమే."

అతను తలెత్తి చూశాడు. ఆమె నవ్వలేదు, కోపంగానూ లేదు.

"ఒకటడుగుతా" అన్నాడు. "ఆ రోజు నీకు జవాబు తెలుసు కదా? దగ్గుంటే ఆ రోజే తెమిలిపోయేది."

"తెమిలిపోయేది. ఈ గుట్ట మీద బోర్డు ఠంచనుగా లేచేది. నువ్వు నాకు సోయా పాలు కూడా ఇప్పించేవాడివి. తర్వాత కస్టమర్ ఊళ్ళో, మంచులో వచ్చిన లారీలోంచి దించి మీట నొక్కితే చచ్చేది. నాకు తెలిసింది తప్పు చుంగ్‌హాన్. అప్పట్లో ఒప్పే. ఇప్పుడు తప్పు. ఆ సంగతి నాకు ఆ రోజు తెలీదు."

చుంగ్‌హాన్ అప్పుడు తన గ్లాసు ఎత్తి ఒక గుక్క తాగాడు. "దగ్గొస్తే మందేసుకో అక్కా" అన్నాడు. అప్పుడు ఇద్దరూ నవ్వారు.

కథ అక్కడితో అయిపోలేదు. కొత్త కోడ్ ఊరందరిదీ కాబట్టి, దిద్దుబాటునీ ఆమె కొలతల్నీ బహిరంగంగా పంపాలి, దేశదేశాలవాళ్ళు చదివి ఒప్పుకోవాలి. ఆఫీసు అలవాటు ప్రకారం చివర ఫర్మ్‌వేర్ విభాగం అని రాసి పంపారు. ఒకరి పేరు ముందుకొస్తే మిగతావాళ్ళకి బాగుండదు, తప్పొస్తే ఒక్కరి మీదా పడదు. ఇక్కడ అందరూ అలాగే చేస్తారు. అది వెళ్ళినంత వేగంగా తిరిగొచ్చింది. అవతల చదివే మనిషి మర్యాదగానే రాశాడు. కోడ్ బాగుంది, కొలతలు ఇంకా బాగున్నాయి, కానీ విభాగం ఎలా కొలుస్తుంది, కొలిచిన మనిషి ఎవరు?

యెన్ గదిలో అందరూ ఆ జవాబు చుట్టూ మూగారు.

"నా పేరు పెట్టమంటారా?" అన్నాడు యెన్. ఆయనే దగ్గి ఊరుకున్నాడు.

"సంతకమంటే అలంకారం కాదు" అంది ఫాంగ్. "ఇది నా పని, నలుగురికీ ఇచ్చే హక్కు నాకుంది, తేడా వస్తే నన్నడగండి అని. ఆ మాట అనగలిగేవాళ్ళే పెట్టాలి."

"యున్ అక్క పెట్టాలి" అన్నాడు చుంగ్‌హాన్.

"ఎర్ర కార్డు కదా?" అని నసిగాడు యెన్.

"కోడ్‌కి కాదు. కొలతలకి. కొలతలకి రంగు లేదు" అంది ఫాంగ్.

బీయున్ తన బల్ల దగ్గరికొచ్చి కూర్చుంది. అలవాటుగా వివియన్ అని కొట్టింది. ఉద్యోగంలో చేరిన రోజు, విదేశీ కస్టమర్లకి నోరు తిరగాలని ఆఫీసువాళ్ళు పెట్టుకోమన్న పేరది. అన్ని ఉత్తరాల కిందా ఇన్నాళ్ళూ ఆ పేరే ఉంది. వివియన్‌ని చెరిపేసింది. తండ్రి పెట్టిన పేరుని ఇంటిపేరుతో సహా ఒక్కొక్క అక్షరంగా కొట్టింది. అక్షరాలు సరిగ్గా పడ్డాయో లేదో మళ్ళీ చూసుకుంది. తప్పొస్తే ప్రపంచమంతా ఈ పేరే అంటుంది మరి. కాగితం అట్టడుగున, తెరిచి చివరిదాకా చదివేవాడికి మాత్రమే కనపడేచోట ఆ పేరు కూర్చుంది. పంపేసింది.

ఒప్పుకున్నారు. యెన్ మాట నిలబెట్టుకున్నాడు, నేలమాళిగలో చలిపెట్టె పక్కన ఆమెకో బల్ల వేయించాడు. మెళ్ళో ఎర్ర కార్డు ఎర్రగానే ఉంది, గాజు తలుపు ఆమెకి ఎప్పటికీ తెరుచుకోదు.

సెలవుల తర్వాత ఒక పొద్దున ఆమె పేరుకే ఒక ఉత్తరం వచ్చింది. కంపెనీకి కాదు, వివియన్‌కి కాదు. ఎక్కడో మంచుదేశంలో సర్వర్లు చూసుకునే మనిషి రాశాడు. లియావ్ బీయున్ గారూ, మీ కొలతలు చదివాను, మా దగ్గర చలి మీరు పెట్టినదాని కంటే ఎక్కువ, అప్పుడు కూడా ఆ కాలు నిజమే చెప్తుందా, మిమ్మల్నే అడగాలనిపించింది అని.

ఆమె ఆ ఉత్తరాన్ని మళ్ళీ మళ్ళీ చదువుకుంది. ఇంతకుముందైతే ఏదో ఒకటి తెలిసే ఉండేది. లేచి స్వెట్టర్ తెచ్చుకుని, కూర్చుని జవాబు రాసింది.

"నాకు తెలియదు. కొలిచి చెప్తాను. – లియావ్ బీయున్."